కత్తెర వేసినా ఊడని అల్లిక

నెలల తరబడి అల్లిన స్వెటర్‌ను ఒళ్లో పరిచి, నిలువునా కత్తెరతో కోసేస్తారు! స్కాట్లండ్‌కు ఉత్తరాన, షెట్లాండ్ దీవుల్లో ఇది మామూలు సంగతి. 1922లో వేల్స్ యువరాజు ఎడ్వర్డ్ గోల్ఫ్ మైదానంలో తొడుక్కోవడంతో లోకమంతా మోజుపడిన ఫెయిర్ ఐల్ స్వెటర్ తయారయ్యేది ఇలాగే. ఒంటిభాగాన్ని గొట్టంలా చుట్టూ అల్లుతారు. గుండీల పట్టీ, చంకలు రావలసిన చోట కొన్ని అదనపు కుట్లు వేసి, చివర్లో వాటి నడుమ కోస్తారు.

అయినా ఊడదు. రహస్యమంతా ఊలులో ఉంది. ఊలు పోగు మీద కంటికి ఆనని పొలుసులుంటాయి. షెట్లాండ్ గొర్రెల ఊలుతో వేసిన కుట్టు పక్క కుట్టును పట్టుకుని వదలదు. అదే డిజైన్‌ను నూలుతో అల్లి కోస్తే కుట్లు జారిపోతాయి. మెషీన్‌లో ఉతికేందుకు వీలుగా పొలుసులను అణచిన ‘సూపర్‌వాష్’ ఊలుతోనూ అదే భయం. అలాంటప్పుడు కోతకు ముందే రెండు వైపులా మిషన్ కుట్టు వేయాలి.

దారం మార్చడం తప్పేమీ కాదు. డిజైన్‌లో చెప్పింది దొరక్కపోవచ్చు, దొరికినా మన ఎండలకు పనికిరాకపోవచ్చు. కాకపోతే ముందు రెండు లెక్కలు చూసుకోవాలి.

మొదటిది బిగువు. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు రావాలని డిజైన్ చెబితే, 200 కుట్లకు 100 సెంటీమీటర్ల చుట్టుకొలత వస్తుంది. కొత్త దారంతో 22 కుట్లు పడితే అది సుమారు 91కి తగ్గి, స్వెటర్ ఒంటికి పట్టదు. అందుకే ముందుగా చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవాలి.

రెండోది పొడవు. ఉండల బరువు చూసి కొంటే మోసపోతాం. ఉండకు 100 మీటర్ల చొప్పున 8 ఉండలంటే 800 మీటర్లు. కొత్త ఉండలో 80 మీటర్లే ఉంటే 10 కొనాలి. నూలు ఊలుకన్నా బరువైంది, కాబట్టి ఒకే మందం దారంలో అదే 50 గ్రాములకు తక్కువ పొడవు వస్తుంది.

ఈ రెండూ కుదిరినా దారం గుణం మారదు. సాగదీసి వదిలితే ఊలు వెనక్కి వస్తుంది. నూలు అంతగా రాదు, మణికట్టు పట్టీలు వదులైపోతాయి, స్వెటర్ తన బరువుకే కిందికి సాగుతుంది. మన బజారులో ఊలు అని అడిగితే తరచుగా చేతికి వచ్చేది ఆక్రిలిక్. తేలిక, ఉతకడం సులువు. కానీ వేడి ఇస్త్రీ తగిలితే చచ్చుబడిపోతుంది. షెట్లాండ్‌లోని అన్‌స్ట్ దీవి లేసు శాలువను తడిపి చట్రానికి సాగదీసి ఆరబెడితే ఊలు ఆ అమరికను నిలుపుకుంటుంది. ఆక్రిలిక్ మళ్లీ ముడుచుకుంటుంది.

ఫెయిర్ ఐల్ అల్లికలో ఒక్కో వరసకు రెండు రంగులు సాగుతాయి. పైకి కనిపించని రంగు వెనక పోగుగా నడిచి, బట్టను మరింత వెచ్చగా చేస్తుంది. షెట్లాండ్ చలిగాలికి అది వరం, విజయవాడలో పసివాడికి ఉక్కపోత. వాడికోసం నూలుతో అల్లేవారు చేతుల్లేని చొక్కా ఎంచుకుని, ముందు వెనుక భాగాలను విడివిడిగా అల్లి కలిపితే కత్తెర పనే ఉండదు. రంగుల డిజైన్‌ను ఛాతీ మీద ఒక్క పట్టీగా వేసుకుంటే సరిపోతుంది.