మిక్సీ దొంగ కాదు

రైల్లో ఫ్యాను ఊడదీసుకొచ్చి ఇంట్లో బిగిస్తే తిరగదని చిన్నప్పుడు అందరం విన్నాం. విన్నది నిజమే. పాత ఐసీఎఫ్ బోగీల్లో చక్రాల ఇరుసుకు తగిలించిన ఆల్టర్నేటరు, బండి నడుస్తున్నంతసేపూ కింద ఉన్న బ్యాటరీలను నింపుతుంది. లైట్లూ ఫ్యాన్లూ వాటి మీదే, 110 వోల్టుల డీసీతో నడుస్తాయి. మన ఇళ్లకొచ్చేది 230 వోల్టుల ఏసీ. కరెంటు స్తంభంతో పని లేకుండా, తనకు కావలసింది తనే మోసుకు తిరిగే ఇల్లు మనకు కొత్తేమీ కాదన్నమాట. విశాఖలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగేదాకా అందులోనే పడుకున్నాం.

అరిజోనాలో మేం బాగుచేసుకున్న పాత మోటార్‌హోమ్ కూడా ఈ బాపతే. వోల్టేజీ ఇంకా తక్కువ, 12. తొంభైల నాటి బండి. ముందు సగం ఫోర్డ్ ఈ-350 వ్యాను, వెనక సగం చెక్క ఫ్రేము మీద కట్టిన గది. అందులోనే మంచం, వంటగట్టు, ఫ్రిజ్, మరుగుదొడ్డి. డ్రైవరు నెత్తిమీదికి పొడుచుకొచ్చిన అటకలాంటి చోట ఇంకో పరుపు.

ఇలాంటి బండి కొన్నవాళ్ల మనసంతా సోలార్ ప్యానెళ్ల మీదే ఉంటుంది. చెయ్యి పెట్టాల్సింది మాత్రం ముందు పైకప్పు మీద. పైన రబ్బరు షీటు, దాని కింద పల్చటి ప్లైవుడ్, మధ్యలో థర్మోకోల్. అతుకుల దగ్గర పూసిన సీలెంటు ఎండకు పగిలితే వాన నీళ్లు కంటికి కనపడకుండా దిగి చెక్కను కుళ్లబెడతాయి. బయట గోడ మాత్రం నున్నగానే ఉంటుంది. మా బండిలో డ్రైవరు నెత్తిమీది పరుపు మూల స్క్రూడ్రైవరు ఆనించి కాస్త నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లాగితే మొనకు నల్లటి తడి పొట్టు, ముక్కు మూసుకునే వాసన. కుళ్లినంత మేరా కోసేసి, కొత్త చెక్క వేసి, అతుకులన్నీ మళ్లీ పూసేసరికి ఒక చలికాలం గడిచింది. ప్యానెళ్లు బిగించడం ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. పాత బండిని ఇల్లు చేయడమంటే సగానికి పైగా వడ్రంగి పనే.

తర్వాతది వైరింగు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేస్తే వాట్లు. వోల్టులు తగ్గితే అదే పనికి ఆంపియర్లు పెరగాలి. ట్యాంకు ఎత్తు తక్కువైనా బకెట్టు అంతే త్వరగా నిండాలంటే లావు పైపు వేయాలి కదా, ఇదీ అంతే. 120 వాట్ల సామాను అమెరికాలో మామూలు ఇంట్లో 1 ఆంపియరు లాగితే, 12 వోల్టుల ఇంట్లో 10 లాగుతుంది. తీగలో వేడిగా పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగ వాడితే నష్టం 100 రెట్లు. అందుకే ఇక్కడ ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో చెప్పేది అందం కాదు, రాగి. ఫ్రిజ్ బ్యాటరీ పక్కకు జరిగింది. ఇన్వర్టర్‌కు వెళ్లే తీగ వేలంత లావు, మూరెడు పొడవు.

12 వోల్టులు ముట్టుకుంటే షాకు కొట్టదు. మనిషి ఏమరుపాటున ఉండేది అందుకే. పానా జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడిందంటే వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రగా కాలుతుంది. పని తెలిసినవాళ్లు ముందు ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకుంటారు, పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటారు. బ్యాటరీ నుంచి బయల్దేరే ప్లస్ తీగకు జానెడు దూరంలోపే ఫ్యూజు పెడతారు. ఆ ఫ్యూజు కాపాడేది సామాన్లను కాదు, తీగను. తీగ అంటుకుంటే చెక్క ఇల్లు ఎంతసేపు?

పాత సీసం బ్యాటరీలను సగానికి మించి వాడితే వాటి ఆయుష్షు తరిగిపోతుంది. వాటి చోట లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం రెండు పెట్టాం, ఒక్కోటి 100 ఆంపియర్ అవర్లు. కరెంటు బిల్లు భాషలో రెండూ కలిపి రెండున్నర యూనిట్లు. గడ్డకట్టే చలిలో వీటిని ఛార్జి చేయకూడదు కాబట్టి వాటి చోటు మంచం కింద. పాత బల్బులు ఒక్కోటి 18 వాట్లు తాగేవి, ఇప్పటి ఎల్‌ఈడీలు 3 దాటవు. బండితో వచ్చిన గ్యాసు ఫ్రిజ్ ఓ వింత. స్వీడన్‌లో విద్యార్థులుగా ఉన్న ఫాన్ ప్లాటెన్, మున్టెర్స్ 1922లో కనిపెట్టిన పద్ధతి అది. మంట వేడికి అమోనియా కదిలి చల్లదనం పుడుతుంది, మోటారే ఉండదు. బండి ఒక పక్కకు ఒరిగి నిలబడితే మాత్రం అది మొరాయిస్తుంది. దాన్ని తీసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టాం, రోజుకు అర యూనిట్ అటూ ఇటూ. మొత్తం ఇంటికి రోజుకు యూనిట్‌న్నర. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద నెలకు ఉచితంగా ఇచ్చే 200 యూనిట్లు ఈ ఇంటికి నాలుగు నెలల పైన వస్తాయి. వంట మాత్రం ఇంకా గ్యాసు మీదే.

ఎడారి కదా, ఎండకేం కొదవ అనుకుంటాం. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి వాలతాడు. పైకప్పు మీద పడుకోబెట్టిన 400 వాట్ల ప్యానెళ్లు అప్పుడు రోజుకు ఒక్క యూనిట్ దగ్గరే ఆగిపోతాయి. దక్షిణం వైపు వాలుగా నిలబెడితే లోటు చాలావరకు పూడుతుంది.

అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఈ ఇంటి ఆచారాలు చూసి చిరాకుపడింది.

“ఏమిట్రా, మిక్సీ తిప్పాలన్నా నిన్నడగాలా?”

“మిక్సీకి అక్కర్లేదమ్మా. పని కాగానే ఆ ఇన్వర్టర్ స్విచ్ తీసెయ్, చాలు.”

ఈ ఇంటి కిటుకంతా ఆ జవాబులోనే ఉంది. 550 వాట్ల మిక్సీ తిరిగేటప్పుడు బ్యాటరీ మీటరు దాదాపు 50 ఆంపియర్లు చూపిస్తుంది, గుండె గుభేలుమంటుంది. కానీ కొబ్బరి పచ్చడికి పట్టేది రెండు నిమిషాలు. అంటే 20 వాట్ అవర్ల చిల్లర. అదే ఇన్వర్టర్‌ను ఊరికే ఆన్‌లో వదిలేస్తే, ఏ పనీ చేయకుండా తన కోసం తానే 15 వాట్లు తింటూ కూర్చుంటుంది. రోజు గడిచేసరికి 360 వాట్ అవర్లు, పచ్చడికి అయినదానికి పదిహేను రెట్ల పైన. గోల చేసేది మిక్సీ, దోచేది ఇన్వర్టర్. అందుకే లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ల పంపు, ఫోన్ ఛార్జర్ అన్నీ నేరుగా 12 వోల్టుల మీదే పెట్టాం. ఫోనుకు కావలసింది డీసీ, బ్యాటరీలో ఉన్నదీ డీసీ. దాన్ని ఏసీ చేసి మళ్లీ డీసీ చేయడం ద్రావిడ ప్రాణాయామం.

మద్రాస్ ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం పట్టుకున్నదీ ఈ సంగతే. ఇన్వర్టర్ లేకుండా 48 వోల్టుల డీసీతో నడిచే సోలార్ ఇళ్లను వాళ్లు రాజస్థాన్ ఎడారి పల్లెల్లో పెట్టారు. 12కు 48 నాలుగింతలు. ఆంపియర్లు నాలుగో వంతు, తీగలో నష్టం పదహారో వంతు.

మరి ఈ మోటార్‌హోమ్ పర్యావరణానికి మేలు చేస్తుందా? నిలబడి ఉన్నంతసేపూ చేస్తుంది. ఫీనిక్స్‌లో ఎండలు 40 డిగ్రీలు దాటితే 1,500 వాట్ల ఎయిర్ కండిషనర్ మా బ్యాటరీలను రెండు గంటల్లోపే ఊడ్చేస్తుంది. అందుకని బళ్లవాళ్లు 2,100 మీటర్ల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్‌కు వెళ్లిపోతారు. దూరం సుమారు 230 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లిచ్చే బండికి 58 లీటర్ల దాకా పెట్రోలు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. లెక్క కట్టండి, 500 యూనిట్ల పైన. మా ఇల్లు ఏడాదికి వాడే విద్యుత్తు కూడా ఇంచుమించు అంతే. ఏడాది పొదుపు ఒక్క ప్రయాణంలో, అదీ వెళ్లడానికి మాత్రమే, ఆవిరైపోతుంది. పైగా ప్రభుత్వ బయలు భూముల్లో ఎక్కువచోట్ల 14 రోజులకు మించి ఉండనివ్వరు, కదలక తప్పదు. క్వార్ట్‌సైట్ అనే ఊరి దగ్గర కొన్ని చోట్ల రుసుము కడితే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఒకేచోట ఉండొచ్చు. అక్కడ కనిపించేవాళ్లలో సరదాకి వచ్చినవాళ్లే కాదు, ఇంటి అద్దె కట్టలేక బండెక్కిన పెద్దవయసువాళ్లూ ఉంటారు. జెస్సికా బ్రూడర్ 2017 నాటి ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం వాళ్ల గురించే. మాలాంటివాళ్లు దీన్ని అభిరుచి అనుకోవచ్చు, వాళ్లకు ఇదే గూడు.

మోటార్‌హోమ్ కొనమని మీకు చెప్పను. మీ ఇంట్లో ఇన్వర్టర్, దాని పక్కన 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ ఇప్పటికే ఉండి ఉంటాయి. కరెంటు పోతే చాలినంతసేపు రావడం లేదని ఇంకా పెద్ద బ్యాటరీకి షాపుకు బయల్దేరే ముందు ఒక్కసారి తలెత్తి చూడండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బ్రష్ లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. మూడు ఫ్యాన్లు మారిస్తే 225 వాట్ల భారం 90కి దిగుతుంది, ఫ్యాన్ల వరకు అదే బ్యాటరీ రెట్టింపు పైనే వస్తుంది. నెల నెలా బిల్లూ తగ్గుతుంది. ముందు ఫ్యాన్లు మార్చండి. పెద్ద బ్యాటరీ ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కొనండి.