రైలు ఊరిలో నడివయస్సు

కథకును నవలకును యౌవనమన్న మక్కువ ఎక్కువ. ప్రేమ, పెండ్లి, ఉద్యోగము కొరకు తిరుగుట, పెద్దలపై తిరుగబడుట - ఇవన్నియు ముప్పది యేండ్లు నిండకముందే జరిగిపోవును. వార్ధక్యమునకు కూడ సాహిత్యమున పీట దొరకినది. కొడుకులు విడిచిన తల్లి, ఊరు విడువలేని తండ్రి మన కథలలో కొత్తవారు కారు. ఈ రెండింటి నడుమ ఇరువది, ముప్పది యేండ్లు సాగు కాలమొకటి ఉన్నది. మనిషి ఇల్లు నడుపు కాలమది. ఆ కాలమున అతడు కథలలో నాయకుని తండ్రిగానో, నాయిక మేనమామగానో ఒక మూల నిలబడి, అవసరమైనపుడు అడ్డు చెప్పి, పిమ్మట ఒప్పుకొని తప్పుకొనును. అతని దినచర్యలో కథ ఉన్నదని నమ్మిన రచయితలు తక్కువ.

ఈ కొరతను పరీక్షించి చూచుటకు ఖరగ్‌పూర్ తగిన చోటు. ఆంధ్రదేశమునకు వెలుపల తెలుగువారు తరతరములుగా కాపురమున్న ఊళ్లలో అది ఒకటి. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో బెంగాల్ నాగపూర్ రైల్వే అచ్చట స్టేషనును, దాని వెంట పెద్ద కార్ఖానాను నెలకొల్పినది. తూర్పు కోస్తా మార్గము 1890 దశకములో ఏర్పడి, ఇరువదవ శతాబ్ది ఆరంభమున దాని ఉత్తరభాగము అదే కంపెనీ చేతికి వచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల వారికి బ్రతుకుతెరువు చూపిన దారులలో ఇది ముఖ్యమైనది. వానలు తప్పిన సంవత్సరమున రైలెక్కినవాడు కార్ఖానాలో కుదిరినాడు, తమ్ముని పిలిపించినాడు, పెండ్లాడి భార్యను తెచ్చుకొన్నాడు. కంపెనీ 1944లో ప్రభుత్వపరమైనది. 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955లో ఆగ్నేయ రైల్వే అయినది. పేర్లు మారినవి గాని మథురాకాటిలోను, నిమ్‌పురాలోను, పాత సెటిల్‌మెంటులోను తెలుగు ఇండ్లు నిలిచినవి.

ఈ ఊరిని లోకమెట్లు ఎరుగును? మొదట దాని ప్లాట్‌ఫారమును బట్టి. 1072 మీటర్లకు పైబడిన ఆ ప్లాట్‌ఫారము చాలకాలము ప్రపంచమున కెల్ల పొడవైనదిగా పేరొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. పిమ్మట మహేంద్రసింగ్ ధోనీని బట్టి. 2001 నుండి 2003 వరకు అతడు ఆ స్టేషనులో టిక్కెట్టు పరీక్షకుడుగా పనిచేసినాడు. 2016లో వచ్చిన అతని జీవితకథా చిత్రము ఆ సంగతిని దేశమంతటికి చూపినది. కాని, ఆ చిత్రమున ఖరగ్‌పూర్ విడిచిపెట్టవలసిన ఊరు. కథానాయకుడు అచ్చట ఊపిరాడక వెళ్లిపోయి గెలిచినాడు. అదే పరీక్షకుని ఉద్యోగములో ముప్పదియైదేండ్లు నిలిచి, మోకాళ్ల నొప్పులతో పదవీవిరమణ చేసినవానికి ఏ చిత్రము లేదు. ఇక మూడవది ప్రమాదవార్త. 2023 జూన్ 2న ఇదే డివిజనులోని బాహానగా బజార్ వద్ద మూడు రైళ్లు చిక్కుకొని దాదాపు మూడు వందలమంది మరణించిరి. ఆ దినమున రైల్వే ఉద్యోగి పత్రికల మొదటి పుటలోనికి వచ్చినాడు. తక్కిన దినములలో రైలు వేళకు వచ్చినదనగా అతని పని ఎవరికిని కనబడలేదని అర్థము. బాగుగా చేసిన పని కంటికి కనబడకపోవుట ఆ వృత్తికి గల ధర్మము. నడివయసు సంసారమునకు గల ధర్మము కూడ సరిగా అదియే.

కాబట్టి కథకునికి ఇచ్చట ఎదురగు ప్రశ్న సులభమైనది కాదు. ఏమియు జరుగని దినమున ఏమి జరిగినది?

తెలుగు కథలో రైలు లేకపోలేదు. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన అంతర్జాతీయ కథల పోటీలో రెండవ బహుమతి పొంది, తెలుగు కథానికను పరదేశములకు పరిచయము చేసినది. అందలి రావుగారు నియమములు కట్టుకొని, ఆ కట్టడిలో సుఖముగా ఉన్న గృహస్థు, బిడ్డలు గలవాడు, యౌవనము దాటినవాడు. అట్టివానిని ఒక రాత్రి తుఫానులో స్టేషనున ఒక ముష్టిదానితో ఒంటరిగా నిలిపి, అతని నియమములు ఎంత పలుచనివో రచయిత చూపినాడు. ఆ కథ గొప్పతనమును గూర్చి వివాదము లేదు. అయినను ఒక సంగతి గమనింపదగినది. ఆ గృహస్థు గుండె తలుపు తెరచుటకు కథకునికి గాలివాన కావలసి వచ్చినది. ప్రయాణమును, తుఫానును, మరణమును తొలగించినచో రావుగారు మిగులునా? ఇంటిలో, మామూలు మంగళవారమునాడు, ఆయన ఎవరు? ఆ ప్రశ్నకు ఆ కథ సమాధానము చెప్పలేదు. చెప్పవలసిన అగత్యము దానికి లేదు. తరువాతి కథకులకు మాత్రము ఆ అగత్యము ఉన్నది.

మామూలు మంగళవారమును రాసినవారు మనకు లేకపోలేదు. మునిమాణిక్యం నరసింహారావు 'కాంతం కథలు' భార్యాభర్తల చిల్లర తగవులకు సాహిత్య గౌరవము తెచ్చినవి. ఆ కథలకు హాస్యము ప్రాణము. అదియే వాటి ఎల్ల కూడ. అప్పు, జబ్బు, కూతురి పెండ్లి ఆ నవ్వులో కరగిపోవునంతవరకే కథలోనికి రాగలవు. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' మరియొక దారి తొక్కినది. సుబ్బయ్య ఒక చిన్న గుమాస్తా. భయమే అతని జీవితము. పెద్ద సంఘటన జరుగకుండనే, జరుగునేమో అన్న బెదురుతోనే, ఒక నవల నడువగలదని ఆ గ్రంథము ఋజువు చేసినది. ఖరగ్‌పూర్ కథకునికి దగ్గర చుట్టము రావుగారికంటె సుబ్బయ్యయే. కాని, సుబ్బయ్యకు ఊరు సమస్య కాదు. విశాఖపట్టణము అతనికి పరాయిది కాదు. అచ్చటి వీధి అతని భాషనే మాటాడును. ప్రవాసగృహస్థుని నడివయస్సులో భయముతోపాటు మరియొకటి ఉండును. తన ఊరు ఏది అన్నది అతడు తేల్చుకొనవలెను.

రైల్వే ఉద్యోగికి ఏటేట కుటుంబముతో ప్రయాణము చేయుటకు పాసు దొరకును. ఆ పాసుమీద అతడు పలాసలోనో, సోంపేటలోనో దిగి, పదిహేను దినములుండి, పనసపండ్లతోను జీడిపప్పుతోను తిరిగివచ్చును. అందుచేత స్వగ్రామము అతనికి ఎల్లప్పుడు సెలవు దినములలోనే తెలిసినది. అచ్చట అతడు చుట్టము. అతనికి తెలిసినది పెట్టుపోతల ఊరు. నీటి తగవుల ఊరు, అప్పుల ఊరు అతనికి తెలియవు. ఖరగ్‌పూర్ మాత్రము అతనికి పని దినములలో తెలిసిన ఊరు. కార్ఖానా కూత విని లేచుట, రాత్రి షిఫ్టు ముగించి పిల్లలు బడికి పోవు వేళకు పడుకొనుట, గోల్ బజారులో బేరమాడుట, రైల్వే ఆసుపత్రిలో చక్కెరజబ్బు మాత్రల కొరకు వరుసలో నిలుచుట, భవిష్యనిధి నుండి కూతురి పెండ్లికి అప్పు తీయుట - బ్రతుకంతయు ఇచ్చటనే. అయినను ఈ ఊరిలో అతని ఇల్లు క్వార్టరు. విరమణ పిమ్మట కొద్ది నెలలలో దానిని ఖాళీ చేయవలెను. నలుబదియైదవ యేట మొదలై అరువదవ యేటివరకు ఆ ఇంటిలో వంట అగుచుండగా, దీపము ఆర్పిన పిమ్మట, మరల మరల వచ్చు మాట ఒక్కటే: ఊరికి పోదుమా, ఇచ్చటనే ఒక ముక్క స్థలము కొందుమా? భర్త ఒకటి చెప్పును. భార్య మరియొకటి చెప్పును. కొన్ని ఏండ్లకు ఇద్దరును పక్షములు మార్చుకొందురు. ఇందు తుఫాను లేదు. కాని, ఒక నవలకు చాలిన బరువు ఉన్నది.

ఆ బరువు కాలమును బట్టి మారును గూడ. 2004 జనవరి 1 తరువాత కేంద్రప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పింఛను పద్ధతి వర్తింపదు. వారి జీతమునుండి భాగము తీసి మదుపుచేయు కొత్త పద్ధతి వచ్చినది. 2025 ఏప్రిల్ నుండి వేరొక పద్ధతిని ఎన్నుకొను అవకాశము ఏర్పడినది. తండ్రి పాత పింఛనుతో నిశ్చింతగా వరండాలో కూర్చుండగా, అదే కార్ఖానాలో చేరిన కొడుకు నలుబదియైదేండ్లు దాటి, అరువదవ యేటి లెక్కలు వేసికొనుచుండును. ఒకే ఇంటిలో, ఒకే ఉద్యోగములో, రెండు తరములకు వార్ధక్యము రెండు విధములు. దీనిని వార్తాపత్రిక అంకెలుగా చెప్పగలదు. ఆ అంకెలు అన్నము వడ్డించు చేతిని ఎట్లు తాకునో చెప్పగలది కథ ఒక్కటే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. రైల్వే కార్మికుని గూర్చి రాయబూని, పోరాటములను విడిచి పింఛనును, క్వార్టరును రాయుట చిన్నచూపు కాదా? ఖరగ్‌పూర్ కార్మిక చరిత్ర నిజముగా ఘనమైనది. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో జరిగిన సమ్మె భారత కార్మికోద్యమమున పేర్కొనదగినది. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వము వహించినవారిలో ప్రముఖుడు బరంపురమున పుట్టిన తెలుగువాడు, వి.వి.గిరి. దేశమంతట రైళ్లు ఆగిపోయిన 1974 మే నెల సమ్మె నాటికి ఆ గిరియే రాష్ట్రపతి పీఠముమీద ఉండెను. ఇట్టి వ్యంగ్యము చరిత్రలో అరుదు. కాని, ఇరువది దినములు సాగిన ఆ సమ్మెను ఎవరు మోసిరి? ఊరేగింపులో నినాదమిచ్చిన యువకుడు ఒకడు. జీతము రాని నెలలో కిరాణా కొట్టువానికి ముఖము చూపవలసిన నలుబదియేండ్ల ఇల్లాలు మరియొకతె. మొదటివాని కథ చరిత్రకు చేరినది. రెండవ ఆమె కథ చేరలేదు. నడివయస్సును రాయుట పోరాటమును విడుచుట కాదు. దానికయిన ఖర్చు ఎవరి పద్దులో పడినదో చూచుట.

మరియొక ఆక్షేపణ: దినచర్య రాసినచో చదువరికి విసుగు కలుగును. దీనికి చెహోవ్ ఎప్పుడో బదులు చెప్పినాడు. ఖరగ్‌పూర్‌కు పునాదులు పడుచున్న రోజులలోనే, 1899లో, మాస్కో ఆర్ట్ థియేటరు 'వాన్యా మామ'ను ప్రదర్శించినది. వాన్యాకు నలుబదియేడేండ్లు. ఎస్టేటు లెక్కలు చూచుటలో ఏండ్లు గడచినవి. అతడు పేల్చిన తుపాకి గూడ గురి తప్పినది. తుదకు మరల లెక్కల పుస్తకమే. నాటకము ఎచ్చట ఆరంభమైనదో ఇంచుమించు అచ్చటనే ముగిసినది, కాని చూచినవారు ఆరంభమున ఉన్నచోట లేరు. విసుగు పాత్రది కావచ్చును, రచనది కానక్కరలేదు.

పొరుగు భాష ఈ ఊరిని ఏమి చేసికొన్నదో చూచుట కూడ అవసరము. వంగ నవలాకారుడు రమాపద చౌధురి 1922లో ఖరగ్‌పూర్‌లో జన్మించినాడు. రైలు ఊరి బాల్యము అతనిది. 'భారతవర్ష' అను అతని కథలో యుద్ధకాలపు సైనికుల రైలు ఒక చిన్న హాల్టువద్ద ఆగుచుండును. విసరిన నాణెములకు అలవాటుపడి పొరుగు పల్లె రైతులు మెల్లమెల్లగా యాచకులగుదురు. అతనికి 1988లో సాహిత్య అకాడెమీ పురస్కారము తెచ్చిన నవల 'బాడి బదలే జాయ్'; ఇల్లు మారును అని దాని అర్థము. మధ్యతరగతి మనిషికిని అతడుండు ఇంటికిని గల సంబంధమే అందలి వస్తువు. 'ఖారిజ్' నవలలోను సామాన్య దంపతుల ఇల్లే రంగస్థలము. మృణాల్ సేన్ దానిని 1982లో చలనచిత్రముగా తీసినాడు. అద్దె, వంటిల్లు, పనిపిల్లవాడు, పరువు - ఇంతకు మించి పెద్ద సామగ్రి అతడు కోరలేదు. రైలు అతనికి ప్రయాణసాధనముగా తోచలేదు. మనుష్యుల నడవడిని దినదినమును మార్చు శక్తిగా తోచినది. ఆ ఊరే తెలుగువారిది కూడ. ఆ చూపు మనకు ఎరువు కానక్కరలేదు.

భాష విషయమున తెలుగు కథకునికి కష్టమున్నది, లాభమును ఉన్నది. ఖరగ్‌పూర్ తెలుగింటి కొడుకు తల్లితో తెలుగును, అంగడిలో వంగభాషను, స్నేహితులతో హిందీని పలుకును. తల్లి తెలుగు శ్రీకాకుళపు యాసది, తాత వచ్చిన నాటి పలుకుబడిని కొంత దాచుకొన్నది. దీనిని పాఠ్యపుస్తకపు తెలుగులోనికి దిద్దినచో పాత్రలు మరణించును. వింతకొరకు యాసను మూటగట్టి ప్రదర్శించినచో పాత్రలు బొమ్మలగును. ఏ మాట ఏ భాషలో వచ్చునో అందే కథ ఉన్నది. కోపము ఏ భాషలో వచ్చును? లెక్క ఏ భాషలో వేయుదురు? కొడుకు తండ్రికి జవాబు తెలుగులో చెప్పుట మానిన దినము ఏది? ఆ దినమును తండ్రి గుర్తించినాడా? పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు రాష్ట్రమున అధికారభాషా స్థానమిచ్చుటకు అంగీకరించినది. అది సంతోషింపదగినదే. అయినను కాగితముమీద స్థానము పొందిన భాష భోజనమువేళ నిలుచునో నిలువదో తేల్చువారు నలుబది, ఏబది యేండ్ల తల్లిదండ్రులే. వారే తమ తల్లిదండ్రుల తెలుగును విన్నవారు, తమ బిడ్డల మౌనమును వినుచున్నవారు.

కథకుడు వారికి తీర్పు చెప్పవలదు; ఊరికి పొమ్మనియు, ఉండుమనియు చెప్పవలదు. రాత్రి షిఫ్టునుండి వచ్చినవానికి భార్య అన్నము పెట్టుచు, ఈ యేడు పాసుమీద ఊరికి పోవద్దు, ఆ డబ్బుతో మిద్దె మరమ్మతు చేయింతమని అన్నదనుకొందము. అతడు పలుకక, కొంత సేపటికి, మజ్జిగ అడిగినాడనుకొందము. ఒక కుటుంబము ఏ ఊరిదగునో అప్పుడు నిర్ణయమైపోయినది. దానిని ఆ ఇద్దరిలో ఒకరును గమనింపలేదు. గమనింపవలసిన మూడవవాడు కథకుడు.

శ్రీకాకుళములో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయమున తెలుగు కథలు వేలకొలది భద్రముగా ఉన్నవి. ఖరగ్‌పూర్‌కు మనుష్యులను పంపిన జిల్లా అది. పోయినవారి నడివయస్సు కూడ కథలై తిరిగివచ్చి అచ్చట చేరవలెను. 2004 తరువాత కొలువులో చేరినవారు క్వార్టర్లు ఖాళీ చేయు కాలము ఎంతో దూరమున లేదు. ఆ ఇండ్లలో ఏమి మాటాడుకొన్నారో ఎరిగినవారు ఇంకను అచ్చటనే ఉన్నారు.