అండమాను స్మృతులు: అధికారమూ, అంతరాత్మా

కారాగార స్మృతులను పాఠకులు సాధారణంగా వీరగాథలుగా చదువుతారు. శిక్ష పొందినవాని ధైర్యమూ, శిక్షించినవాని క్రౌర్యమూ ఎదురెదురుగా నిలిచినప్పుడు సానుభూతి ఎటు మొగ్గవలెనో ముందే నిశ్చయమై ఉంటుంది. కాని అండమాను సెల్యులర్ జైలునుండి తిరిగి వచ్చినవారి గ్రంథాలను శ్రద్ధగా చదివినచో, ఈ ఇద్దరి నడుమ మూడవ మనిషి ఒకడు కనిపిస్తాడు. అతడు పెటీ ఆఫీసరు. తానూ ఖైదీయే, కొన్నేండ్లు శిక్ష అనుభవించి తోడి ఖైదీలపై పెత్తనం సంపాదించినవాడు. ఆ గ్రంథాలలోని అసలైన నైతిక ప్రశ్న అతనిదే.

1906 నాటికి పూర్తియైన ఆ జైలుకు 7 విభాగాలు, దాదాపు 700 ఒంటరి కొట్లు. అంతటి కట్టడాన్ని కొద్దిమంది తెల్లదొరలు నడపగలిగినారంటే ఖైదీలను ఖైదీలచేతనే కాపలా కాయించిన ఏర్పాటు అందుకు ముఖ్య కారణం. గానుగ త్రిప్పి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయవలెనన్న ఆజ్ఞ పైనుండి వచ్చేది. తక్కువైననాడు తిట్టే నోరు, కొట్టే చేయి క్రింది మెట్టువానివి. ఆజ్ఞ ఇచ్చినవాడు కొట్టలేదు. కొట్టినవాడు ఆజ్ఞ ఇవ్వలేదు. పాపం ఇట్లు పంచబడి, ఎవరి వంతూ వారికి బరువనిపించకుండ పోయినది.

ఈ స్థితిని ముగ్గురు రచయితలు మూడు విధాలుగా చూచినారు. అలీపూరు కేసులో శిక్షపడిన బారీంద్రకుమార ఘోష్ తన ప్రవాసకథలో జైలు మనిషిని బాగుచేయదనీ, దిగజారుస్తుందనీ వాదించినారు. అదే కేసులోని ఉపేంద్రనాథ బందోపాధ్యాయ 1921 నాటి ‘నిర్వాసితేర్ ఆత్మకథ’లో హాస్యాన్ని ఆశ్రయించినారు. కోపం పెత్తందారును రాక్షసుని చేస్తే, హాస్యం అతనిని ఇరుగుపొరుగువానిగా చూపుతుంది. రాక్షసునితో పాఠకునికి పోలిక లేదు, పొరుగువానితో ఉన్నది. ఉపేంద్రుని నవ్వు వెనుక నున్న కలవరం ఇదే.

సావర్కర్ 1927లో మరాఠీలో ప్రచురించిన ‘మాఝీ జన్మఠేప్’ వివరాలలో సంపన్నమైనది. కాని వార్డర్ల క్రౌర్యాన్ని తరచు వారి మతానికి ముడిపెడుతుంది. దీనివలన ఏర్పాటు చేసిన దోషం కొంత మరుగున పడినది. తానే తరువాత నూనె గిడ్డంగిలో పెత్తనం వహించినట్లు ఆయన వ్రాసినారు. మెట్లు ఎక్కినవాని మతమేదైనా మెట్లు అవే అనుటకు ఆ గ్రంథమే సాక్ష్యం.

ఈ సత్యాన్ని 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ పరీక్షకు పెట్టినాడు. శాస్త్రజ్ఞుని ఆజ్ఞపై, తప్పు చెప్పిన మనిషికి విద్యుదాఘాతం ఇస్తున్నామని నమ్మిన 40 మంది సామాన్యులలో 26 మంది చివరి మీటదాకా పోయినారు. ఆఘాతం నిజానికి లేదు. వారి విధేయత నిజం. కాని ప్రక్కనున్న ఇద్దరు ముందే నిరాకరించిన మరొక ప్రయోగంలో 40 మందిలో నలుగురే చివరిదాకా పోయినారు. తోడు చెడ్డకేగాక మంచికీ పనిచేస్తుంది.

అండమానులో ఈ రెండూ జరిగినవి. 1933 మే నెలలో నిరశన వ్రతం పూనినవారికి ముక్కులో గొట్టం వేసి బలవంతంగా పాలు పోసినారు. మహావీర్ సింగ్, మోహనకిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర మరణించినారు. పట్టుకొన్న చేతులకు చెప్పిన మాట ప్రాణరక్షణ! అధికారం పుణ్యం పేరుతో ఆజ్ఞ ఇచ్చినప్పుడు అంతరాత్మ మరింత సులభంగా నిద్రపోతుంది. ఐనను మిగిలినవారు ఒకరినొకరు చూచుకొని నిలిచినారు. తుదకు ప్రభుత్వం కొన్ని సౌకర్యాలు ఒప్పుకొనక తప్పలేదు.

1979లో ఆ జైలు జాతీయ స్మారకమైనది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారినది. ఆ ద్వీపాలలో నేడు తెలుగువారూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. చెరలో ఉండి ‘మాలపల్లి’ వ్రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి భాషకు కారాగారం క్రొత్త వస్తువు కాదు. ఐనను తెలుగు కథలో దొర ఉంటాడు, బాధితుడు ఉంటాడు. దొర మాట మోసుకొనిపోయి గుడిసె తలుపు తట్టే తలారి మనస్సు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. తట్టబోయే ముందు అతని చేయి ఒక్క క్షణం ఆగినదా? ఆగితే ఎవరిని చూచి ఆగినది? అండమాను స్మృతులు తెలుగు రచయితకు అందించే వస్తువు ఆ క్షణమే.