ముద్ర, లోహం: సాల్జ్‌బర్గ్ డ్యూకట్లపై ఒక పునఃపఠనం

మతసంస్కరణ కాలంలో రాజ్యాధికారం గల జర్మన్ బిషప్పులు ముద్రించిన బంగారు నాణేలను కేవలం చర్చి కళగా చదవడం సరిపోదు. అటువంటి పఠనం ముద్రను వివరిస్తుంది, లోహాన్ని మరుస్తుంది.

నేడు ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్‌నే చూద్దాం. ఆర్చ్‌బిషప్ మత్తేయస్ లాంగ్ (1519–1540) నాణేలపై కార్డినల్ టోపీ, దాని కింద వంశచిహ్నం పీఠాధికారాన్ని చాటుతాయి. సుమారు మూడున్నర గ్రాముల డ్యూకట్‌కు కావలసిన బంగారం ఆయన ఏలుబడిలోని గాస్టైన్, రౌరిస్ కొండగనుల నుంచి వచ్చేది. తవ్విన ఖనిజంలో ప్రభువుకు ఒక వాటా చెల్లించాలి. మిగిలిన లోహాన్ని సైతం ఆయన నిర్ణయించిన ధరకు ఆయనకే అమ్మాలి. అంటే టంకశాలకు చేరకముందే ఆ బంగారం ఆయనకు రెండు విధాల రాబడి తెచ్చింది.

1525లో గాస్టైన్ గనికార్మికులు రైతులతో కలిసి నగరంలో ప్రవేశించి, లాంగ్‌ను హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోటలో దాదాపు మూడు నెలలు ముట్టడించారు. దీనిని లూథర్ బోధల ప్రభావంగా మాత్రమే చూడడం తొందరపాటు (ఆ బోధలు గనుల దాకా చేరిన మాట నిజమే). స్వాబియన్ కూటమి సైన్యం వచ్చిన తరువాతే ముట్టడి తొలగింది. అందుచేత ఈ డ్యూకట్లను తిరుగుబాటుదారుల ఫిర్యాదు పత్రాల పక్కన ఉంచి చదవవలసి ఉంది.