కాసినో చిత్రమునందలి కథకులు

మార్టిన్ స్కార్సేసీ దర్శకత్వమున 1995లో వెలువడిన కాసినో యను చలనచిత్రము రమారమి మూఁడుగంటలు నడచును. నికొలస్ పిలెజ్జీ గ్రంథము దీనికి మూలము. చిత్రకథయు నాతఁడు దర్శకునితోఁ గూడి రచించినదే. అమెరికాదేశపు లాస్ వేగాస్ నగరమున 1970 తరువాతి సంవత్సరములలో నేరగాండ్ర ముఠాలు జూదగృహములను మాటున నుండి యెట్లు నడపినవో యిందలి కథ. టాంజియర్స్ అను జూదగృహము కల్పితమైనను, దాని నిర్వాహకుఁడగు రోత్‌స్టీన్ పాత్రకు ఫ్రాంక్ రోసెంథాల్ జీవితమే యాధారము.

చిత్రమున సగముకథ నేపథ్యవచనముచే నడచును. రోత్‌స్టీన్ ఒకవైపునను, వాని బాల్యమిత్రుఁడును ముఠావాఁడును నగు నిక్కీ మఱియొకవైపునను విడువక చెప్పుచునే యుందురు. దృశ్యకావ్యమునఁ జూపవలసినదానిని జెప్పివేయుట దోషము కాదా యని యాక్షేపింపవచ్చును.

జూదగృహపు మర్మము కంటికిఁ గనఁబడునది కాదు. అమెరికా రూలెట్ చక్రమున 38 గదులుండఁగా, ఒక్క సంఖ్యపై నొడ్డి గెలిచినవానికి 35 రెట్లు మాత్రమే లాభము. కావున నొడ్డిన నూఱు డాలర్లలో సగటున నైదింటికిఁ బైఁగా గృహమునకే మిగులును. (కౌటిల్యుఁడును ద్యూతాధ్యక్షునకు నూటికైదే విధించెను, అది గెలిచిన ధనముపై.) ఇచ్చట శకునితోఁ బనిలేదు. ఆడువాఁడు లేచిపోకుండఁ జూచుకొన్నఁ జాలును. జపానుజూదరి యొకఁడు పెద్దమొత్తము గెలిచి మరలిపోవఁబోఁగా, విమానము చెడినదను నెపముతో వానిని దిరిగి బల్లయొద్దకుఁ దెచ్చు ఘట్ట మిందుకు నిదర్శనము.

ఆటగానిని ముక్కలు పంచువాఁడును, వానిని బైయధికారియు, అందఱను గప్పునందలి యంత్రనేత్రమును గనిపెట్టుచుందురు. కాని కాపలా యంతయు లెక్కగది వాకిటితో సరి. లోనికిఁ బోయినవాఁడు లెక్కకెక్కని సొమ్ము పెట్టె నింపుకొని కాన్సాస్ నగరమునకుఁ గొనిపోవుచుండఁగా నచ్చటివారు తలత్రిప్పుకొందురు. ఈ ఘట్టమున మాటయు దృశ్యమును నొకదాని నొకటి మోయును. చిత్రమునకెల్ల నిదియే యుత్తమభాగము.

ఇట్లన్నియు నెఱిఁగినట్లు పలుకు కథకులను దర్శకుఁడు తుదకు నమ్మనీయఁడు. మొక్కజొన్నచేనిలో నిక్కీపై దెబ్బపడఁగనే వాని నేపథ్యవచనము వాక్యమధ్యముననే తెగిపోవును. పందెముల లెక్కలో నారితేఱిన రోత్‌స్టీనో, తన్నుఁ బ్రేమింపనని ముందే చెప్పిన జింజరును బెండ్లాడి తాళపుఁజెవి యామె చేత నుంచును. ఈ కథనము వట్టి వివరణము కాదు, పాత్రల గర్వమునకుఁ గొలత. కాఁబట్టి పైయాక్షేపణ నిలువదు.

నిలువఁదగిన యాక్షేపణ వేఱొకటి కలదు. ఫ్రాంక్ మరీనో యను ననుచరునకు సైత మొక్కతరి కథకుఁడగు భాగ్యము కలిగినది, జింజరునకు లేదు. ఆమె దుఃఖమంతయు మగని గొంతు ద్వారముననే వినవలెను. షారన్ స్టోన్ తన యభినయముచే నాలోటును జాలవఱకుఁ బూరించినది గాని, ఉత్తరార్ధమున దంపతుల కలహములు పదేపదే వచ్చి విసుగు పుట్టించుటకు నిదియే కారణము. ఆమె పక్షమునఁ బది వాక్యములున్నచో నాలుగు కలహములు తగ్గియుండెడివి.

కారు పేలుడులోఁ జచ్చినట్లు తొలిదృశ్యమునఁ దోఁచిన రోత్‌స్టీన్ ఆసనముక్రింది లోహపుఁబలకచే బ్రతికినాఁడని తుదకుఁ దెలియును. పాతగృహములు కూల్పఁబడి వ్యాపారసంఘముల వశమైన పిదప, వాఁడు సాన్ డియాగోలోఁ గండ్లద్దములు పెట్టుకొని మరలఁ బందెముల లెక్కలే కట్టుచుండును.