మోకాళ్ళు వంచమన్న సలహా

శస్త్రచికిత్స అనగానే వైద్యుని చేతిలోని కత్తి గుర్తుకు వస్తుంది. ఆ గదిలో పనిచేసే నర్సుల, ఆయాల, వార్డుబాయిల నడుములు ఎవరికీ గుర్తుకు రావు. వారికి అందే సలహా మాత్రం ఒకటున్నది: బరువెత్తునపుడు నడుము వంచరాదు, మోకాళ్ళు వంచవలెను. నేలమీది బియ్యపు మూట విషయంలో ఇది కొంత నిజమే. ఆపరేషను బల్ల దగ్గర పొసగదు. రోగి ఉన్నది నేలమీద కాదు, నడుమెత్తు బల్లమీద, చేయి చాచవలసినంత దూరంలో. మోకాళ్ళు ఎంత వంచినా బల్ల అంచు అడ్డమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కరీంనగరు జిల్లా కాన్పులలో నూటికి 80కి పైగా సిజేరియన్లే. తెలంగాణ సగటు సుమారు 61. వీటిని చాలవరకు వెన్నులో మత్తుమందు ఇచ్చి చేస్తారు. తరువాత కొంతసేపు బాలింతకు కాళ్ళు కదలవు. బల్లనుండి స్ట్రెచరు మీదికి, అక్కడినుండి మంచం మీదికి ఆమెను చేర్చవలసినది సిబ్బందే. 2008లో ఆదిలాబాదులో వెలసిన రిమ్స్ వంటి బోధనాసుపత్రికైనా ఈ పని తప్పదు.

ఆమె బరువు 60 కిలోలు, ఎత్తేవారు నలుగురు అనుకొందాము. తలకు 15 కిలోలు. ఇది స్వల్పమే గదా అనిపిస్తుంది. కాని వెన్నెముక ఒక తులాదండము. బరువు వెన్నుపూసలకు 50 సెంటీమీటర్ల ముందున్నది. దానిని నిలిపే వీపు కండరాలు వెనుక సుమారు 5 సెంటీమీటర్లలోనే ఉన్నవి. కనుక కండరాలు 150 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగవలెను. వంగిన మొండెపు బరువు దీనికి అదనం. తులాదండపు పాఠంలో కత్తెరనూ అడకత్తెరనూ చూపే ఉపాధ్యాయులు ఈ లెక్కను కూడా నల్లబల్లమీద వేయించవచ్చును.

బరువెత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పి ఆగదని 2011 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చినది. అయినా సలహా చావలేదు. నొప్పి వచ్చినవానిమీదనే తప్పు మోపడానికి అది అనువుగా ఉండుటే కారణం కాబోలు! న్యాయంగా చెప్పవలెనంటే, శిక్షణకు పరికరాలు తోడైనా నొప్పి ఆగినట్లు ఆ సమీక్షలో రుజువు కాలేదు. అయితే రోగి కింద జారుడు పలక వేస్తే ఎత్తే పని జరిపే పనిగా మారుతుంది. బలం తక్కువ పడుతుంది. మోకాళ్ళు వంచమన్న మాట ఆ మేలైనా చేయదు.

రోగులను మోసే పనిలో ఒక్కొక్కరికి 16 కిలోలే హద్దని 2007లో అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ వాటర్స్ సూచించినాడు. అదీ బరువు ఒంటికి దగ్గరగా ఉన్నప్పుడే. చేయి చాచినకొద్దీ హద్దు తగ్గుతుంది. ఇక రాత్రివేళ నలుగురికి బదులు ఇద్దరే ఉంటే, అదే బాలింతను ఎత్తడానికి తలకు 30 కిలోలు.