వేకువ దరువు

నాలుగు గంటల చీకటీ, నీకు దండం.

రైన్ నది మలుపు తిరిగే చోట, స్విట్జర్లాండ్ మూలన, ఫ్రాన్సుకూ జర్మనీకీ గుమ్మం ముందున్నట్టు కూర్చున్న బాసెల్ నగరానికి నువ్వు ఏడాదికొక్కసారే వస్తావు. మిగిలిన రాత్రుల్లో ఆ ఊళ్లో నీకు చోటు లేదు. వీధి దీపాలు, దుకాణాల అద్దాలు, ట్రాములు, వంతెన మీది వెలుగులు నిన్ను దరికి రానివ్వవు. ఒక్క సోమవారం మాత్రం ఊరే నిన్ను పిలుస్తుంది. వేలమంది నిద్ర మానుకుని, చలికోట్లు బిగించుకుని, సందుల్లో భుజాలు రాసుకుంటూ నీ కోసం నిలబడతారు. సెయింట్ మార్టిన్ చర్చి గంట నాలుగు కొడుతుంది. కరెంటు వాళ్లు పాత ఊరి దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పేస్తారు.

అప్పుడు వస్తావు నువ్వు. ఊపిరి బిగబట్టినంతసేపు ఏమీ ఉండదు. పక్కనున్న మనిషి ఉండడు, ఎదురుగా ఉన్న గోడ ఉండదు, నా చేతులు నాకే కనబడవు. ఆ నిశ్శబ్దంలోంచి ఒక కేక: "మోర్గెష్ట్రాయిఖ్! ఫోర్వెర్ట్స్, మార్ష్!" వేకువ దరువు, ముందుకు నడవండి! ఆ సందులో, ఈ సందులో, నది అవతలి సందులో అదే కేక. డోళ్లూ పికోలో పిల్లనగ్రోవులూ ఊరంతటా ఒకే పాటను ఒక్కసారే అందుకుంటాయి. నేను పుట్టి పెరిగిన ఊళ్లో డప్పు గుండె మీద మోగుతుంది. ఇక్కడి దరువు కాళ్ల కింది రాతి పలకల్లోంచి పుట్టి, మోకాళ్లను పట్టుకుని పైకెక్కింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఏడుపైంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అంతకు ముందు సెప్టెంబరులో ఆ ఊరు చేరాను. 1460లో మొదలైన విశ్వవిద్యాలయంలో రెండు సెమిస్టర్లు చదువుకుని పోయే మార్పిడి విద్యార్థిని. తిరుపతి పిల్లని. ట్రాములో నా పక్క సీటు ఆఖరికి నిండేది. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ ఎక్కడికెళ్లినా నాకంటే ముందు నా మొహం వెళ్లేది. నేను మాట్లాడకముందే అది నా గురించి ఏదో చెప్పేసేది. చలికాలమంతా ఆ మొహాన్ని మోసుకు తిరిగాను.

నేనుండే గది ఒక పెద్దావిడ ఇంట్లో, పై అంతస్తులో. ఆవిడ నన్ను ఎప్పుడూ 'మీరు' అనేది. జర్మన్‌లో 'జీ' అంటారు. కొత్తవాళ్లతో ఏళ్ల తరబడి అదే మాట. మెట్ల దగ్గర ఎదురుపడితే చలి గురించి రెండు ముక్కలు, చెత్త బయట పెట్టే రోజు గురించి ఒక ముక్క. అంతే. అయితే సాయంత్రం ఏడింటికి కింద గదిలోంచి పిల్లనగ్రోవి వినిపించేది. అక్టోబరులో అదే పాట, నవంబరులో అదే పాట, క్రిస్మస్ దాటాక కూడా అదే. ఒకచోట తడబడేది, ఆగేది, మళ్లీ మొదలు. ఈ వయసులో ఎవరి కోసమమ్మా ఇంత సాధన అనుకునేదాన్ని. మోర్గెష్ట్రాయిఖ్ కోసమని, ఏడాదికి మూడు రోజుల కోసమని, ఊళ్లో అలాంటి గదులు వేలల్లో ఉన్నాయని నాకేం తెలుసు?

వాళ్ల మాటలో ఈ పండుగ పేరు ఫాస్నాఖ్ట్. ముద్దుపేరు 'మూడు అతి అందమైన రోజులు'. సోమవారం వేకువ నాలుగు నుంచి గురువారం వేకువ నాలుగు దాకా, లెక్కగా 72 గంటలు. యూరప్‌లో మిగతా కార్నివాళ్లు చాలావరకు, ఈస్టరుకు ముందరి తపస్సు కాలం మొదలయ్యే భస్మ బుధవారంతో ముగిసిపోతే, ఇది ఆ తర్వాతి సోమవారం మొదలవుతుంది. ఎప్పుడో రోమ్ చర్చి ఆదివారాలను ఉపవాసపు లెక్కలోంచి తీసేసి, నలభై రోజులు నిండడానికి తపస్సు కాలాన్ని ముందుకు జరిపింది. బాసెల్ పాత లెక్కనే పట్టుకుంది. 1529లో ఊరు ప్రొటెస్టెంట్ అయింది, ఆ తపస్సు కాలమే పక్కకు పోయింది. పండుగ మాత్రం పోలేదు. ఉపవాసం లేని ఊళ్లో ఉపవాసానికి ముందరి పండుగ! భక్తి కోసం మొదలైనది భక్తి పోయినా నిలిచిందంటే, మనుషులకు దాని అవసరం ఇంకేదో ఉండి ఉండాలి. ఆ అవసరం పేరు, చీకటీ, నీకు తెలుసు.

ఆ సోమవారం వేకువ నీ కడుపులోంచి లాంతర్లు పుట్టుకొచ్చాయి. నిలువెత్తు మనిషికి రెండింతలున్నవి, చెక్క చట్రాలకు గుడ్డ బిగించి బొమ్మలు గీసినవి, లోపల దీపాలతో ఊగుతూ నడిచొచ్చే ఇళ్ల లాంటివి. వాటి వెనక పికోలోల వాళ్లు, నడుమ పెద్ద బొమ్మ తలతో ఆజ్ఞలిచ్చే డోలు నాయకుడు, ఆ వెనక డోళ్లు. ప్రతి తల మీదా ఒక చిన్న లాంతరు. ఏ జట్టు లాంతరు మీద చూసినా ఆ ఏడాది ఊరినీ దేశాన్నీ కుదిపిన ఏదో ఒక సంగతి: బెర్న్‌లోని మంత్రుల దగ్గర్నుంచి ఊళ్లోని మందుల కంపెనీల దాకా ఎవరినీ వదలరు. జట్టును క్లిక్కె అంటారు. ఎంచుకున్న సంగతిని నెలల పాటు గుట్టుగా దాస్తారు. లాంతరు గీసే చిత్రకారుడి ఇంటివాళ్లకు కూడా ఆ వేకువ దాకా పూర్తిగా చూపించరని విన్నాను. పొడవాటి కాగితపు చీలికల మీద బాసెల్ యాసలో పద్యాలు అచ్చు వేయించి దారిన పంచుతారు. నా చేతిలోకీ ఒకటి వచ్చింది. ఆ యాస నాకు సగమే అర్థమయ్యేది. అయినా నా మొహం చూసి చేయి వెనక్కి తీసుకోలేదు. పంచేవాడికి మొహం లేదు, నా మొహం వాడికి చీకట్లో కనబడలేదు.

ముసుగును వాళ్లు ముసుగు అనరు. 'లార్వె' అంటారు. కాగితపు గుజ్జుతో చేసినది, తల మొత్తాన్ని మింగేస్తుంది. దాన్ని తగిలించుకున్నాక లోపల ఎవరున్నారో ఎవరూ అడగకూడదు. వీధిలో వాళ్లు దాన్ని తీయరు. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం ముఖానికి రంగు పూసుకోకూడదు, వేషం కట్టకూడదు. కట్టేవాళ్లు కడతారు, చూసేవాళ్లు చూస్తారు. ఆ గీత నాకు నచ్చింది. వేషం ఆటబొమ్మ కాదని, దానికి ఏడాది సాధన వెల అని ఆ గీత చెబుతోంది.

మా ఊళ్లోనూ అంతే కదా! మే నెల ఎండల్లో తాతయ్యగుంట గంగమ్మ జాతర. చిన్నప్పుడు నాయన బండ వేషం కట్టేవాడు. ఒళ్లంతా కుంకుమ పూసుకుని వీధిలోకి దిగితే ఆయన మా నాయన కాడు. ఏడాదంతా ఒకరిని పల్లెత్తు మాట అనని మనిషి ఆ రోజు దారిన పోయే పెద్దలను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. తిట్టించుకున్నవాళ్లు దండం పెట్టేవాళ్లు. పాలెగాణ్ణి పట్టడానికి గంగమ్మ మారువేషాలు కట్టి ఊరంతా తిరిగిందని కథ. అవ్వ చెప్పేది: "వేషం లోపల ఉండేది మనిషి కాదమ్మే, అమ్మే." బాసెల్‌లో ఆ మూడు రోజులూ నాకు అవ్వ మాట చెవిలో మోగుతూనే ఉంది. ఆ ఊరి లార్వెల వెనక ఏ అమ్మా లేదు, నాకు తెలుసు. కానీ పెద్దవాళ్ల ముందు నిజం పలకడానికి మామూలు మొహం చాలదని రెండు ఊళ్లూ విడివిడిగా కనుక్కున్నాయి. ఒకటి కుంకుమతో, ఇంకొకటి కాగితపు గుజ్జుతో.

సోమవారం తెల్లవారాక పిండి సూపు తాగాను. గోధుమపిండిని ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, నీళ్లలో చాలాసేపు ఉడికించి, పైన జున్ను తురిమి ఇస్తారు. వేగిన పిండి వాసన తగలగానే మా వంటిల్లు గుర్తొచ్చి కాసేపు చెంచా ఎత్తలేకపోయాను. పక్కన ఉల్లిపాయల వంటకం ఒకటి, అప్పడంలా పల్చగా వేయించి పంచదార చల్లినది ఇంకొకటి.

మధ్యాహ్నం ఊరేగింపు. బండ్ల మీద వగ్గిస్‌లు, అంటే పొరుగున ఉన్న అల్సాస్ రైతు వేషాలు: నీలం చొక్కా, చెక్క చెప్పులు, గుమ్మడికాయంత ముక్కు. వాళ్లు నారింజలు విసురుతారు, మిఠాయిలు విసురుతారు, పసుపుపచ్చటి మిమోసా కొమ్మలు అందిస్తారు. కోటుకు ఆ ఏడాది బిళ్ల పెట్టుకోనివాళ్ల తల మీద గుప్పెళ్ల కొద్దీ రెప్లి కుమ్మరిస్తారు. రెప్లి అంటే రంగు కాగితపు చుక్కలు. ఒక సంచిలో ఒకే రంగు ఉండాలి. కలగలుపు రంగులంటే నేల మీంచి ఎత్తినవని అర్థం, అది తప్పు. ఆ బిళ్లలు అమ్మిన డబ్బే జట్లకు ఆసరా. రాగి బిళ్ల కొనడానికి నా దగ్గర ఉన్నదే తక్కువ, అయినా కొన్నాను. దాన్ని గుండె మీద గుచ్చుకుంటే ఊరికి పన్ను కట్టినంత తృప్తి కలిగింది.

మంగళవారం మ్యున్‌స్టర్ చర్చి ఎదుటి మ్యున్‌స్టర్‌ప్లాత్స్‌లో లాంతర్లన్నీ నిలబడి ఉంటాయి. సాయంత్రం వాటి నడుమ నడవడం, గొప్ప పుస్తకం లోపలికి వెళ్లి పేజీల మధ్య తిరగడం లాంటిది. 1376లో అదే మైదానంలో ఒక కార్నివాల్ రోజున ఒక డ్యూక్ మనుషుల పోటీలు రక్తపాతమయ్యాయి. ఆ పండుగ గురించి దొరికే తొలి ఆనవాళ్లలో అదొకటి. నెత్తురు తడిసిన రాళ్ల మీద ఇప్పుడు పిల్లలు లాంతర్లు చదువుకుంటున్నారు. శిల్పి జాన్ టాంగ్లీ కూడా ఈ వేషాల పిచ్చిలో పడినవాడే. 1977లో ఆయన పాత థియేటరు సామాన్ల ఇనుప ముక్కలతో కట్టిన ఫౌంటెన్‌ను ఊరు ఫాస్నాఖ్ట్ ఫౌంటెన్ అనే పిలుస్తుంది.

ఆ రాత్రే జరిగింది నేను చెప్పదలచుకున్నది. స్పాలెన్‌బెర్గ్ ఎత్తు దిగుతుంటే ఒక 'ఆల్టి డాంటె' నా దారికి అడ్డం వచ్చింది. ముసలి అత్త వేషం. పాతకాలపు టోపీ, చేతి సంచి, చెంపల మీద ముడతలు చెక్కిన లార్వె. గొంతు మార్చి, కీచుగా, వేలు చూపిస్తూ మొదలుపెట్టింది. "ఏయ్ పిల్లా, నువ్వేనా రాత్రి పదకొండింటికి ఆవాలు చిటపటలాడించేది? నీ పోపు వాసనకు కింద ముసలిదానికి నిద్ర పట్టదు, ఆకలేస్తుంది. ఒక్కసారన్నా పిలిచి పెట్టావా?" చుట్టూ జనం నవ్వారు. అలా తెలిసినవాళ్లను ముసుగు చాటున ఆటపట్టించడం అక్కడి పాత ఆచారం. జర్మన్‌లో అది 'దూ'తో సాగుతుంది. దూ అంటే నువ్వు. ఆరు నెలల్లో ఆ ఊళ్లో పెద్దవాళ్లెవరూ నన్ను నువ్వు అనలేదు. నాయన అన్నాడు, అవ్వ అన్నది, ఆ తర్వాత ఆ కాగితపు ముడతల వెనక నుంచి ఈవిడే. నా తలలో గుప్పెడు రెప్లి రుద్ది, చేతిలో మిమోసా కొమ్మ పెట్టి, పికోలో ఎత్తి, ఏడింటి పాట అందుకుంది. తడబడే చోట ఈసారి తడబడలేదు.

అప్పుడు తెలిసింది సోమవారం వేకువ ఏడుపు ఎందుకో. చీకటీ, నువ్వు వాళ్ల మొహాలూ తీసేశావు, నా మొహమూ తీసేశావు. మిగిలినవి చెవులు, కాళ్లు, చలి. వాటికి పరాయితనం లేదు.

బుధవారం రాత్రంతా చిన్న చిన్న గుంపులు సందుల్లో వాయిస్తూ తిరిగాయి. ఎవరు వెంట నడిచినా వద్దనరు. ఒక్క గుంపు వెనకే రెండు గంటలు నడిచాను, ఎటు పోతున్నామో చూడకుండా. గురువారం నాలుగు కొట్టింది. మోగుతున్న డోలు ఎక్కడ ఉందో అక్కడే ఆగింది. నాయకుడు మొదటిసారి లార్వె తీశాడు. ఎర్రబడిన కళ్లు, చెమట, మామూలు నడివయసు మనిషి. ఒకరినొకరు కౌగిలించుకుని వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ఊడ్చే బండ్లు రంగులన్నీ ఎత్తుకుపోయాయి. మెట్ల దగ్గర ఆవిడ ఎదురైంది. "మీరు బాగా నిద్రపోయారా?" అంది. మీరు. ఆ ఆదివారం పులిహోర కలిపి కిందికి తీసుకెళ్లాను. మంగళవారం రాత్రి సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. ఎత్తకూడదు కూడా.

యునెస్కో 2017లో ఈ పండుగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2020లో మహమ్మారి వల్ల ప్రభుత్వం పెద్ద సభలను ఆపింది, అదీ సోమవారానికి మూడు రోజుల ముందు. లాంతర్లు గీసి ఉన్నాయి, ఆరిపోవాల్సిన దీపాలున్నాయి, దరువు లేదు. 2021లోనూ లేదు. తిరుపతిలో కూర్చుని ఆ కబురు విన్న రోజు అన్నం సయించలేదు. ఆ రెండేళ్లూ కింద గదిలో ఏడింటికి పిల్లనగ్రోవి మోగిందా అని ఉత్తరం రాశాను. మోగిందని జవాబు వచ్చింది. రోజూ.

విదేశాల్లో చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రైలు ప్రయాణమంత దూరంలో ఉంటే ఒక్కసారి వెళ్లండి. నది దాటి, పాత ఊళ్లో ఇరుకైన సందు చూసుకుని, మూడున్నరకే నిలబడండి. బిళ్ల కొని కోటుకు పెట్టుకోండి. మొహానికి ఏమీ పూసుకోకండి. ఫోను జేబులో పెట్టేయండి, ఫ్లాష్ వేస్తే ఆ చీకటి చచ్చిపోతుంది. తేదీ కోసం క్యాలెండరులో భస్మ బుధవారం వెతకండి. దాని తర్వాత వచ్చే సోమవారం, తెల్లవారుజామున 4 గంటలకు.